కెరీర్ సలహా: గ్రూప్స్ రాయమంటే డాక్యుమెంటరీలు తీస్తా అంటోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మేడమ్, నేను సింగరేణిలో చేస్తున్నా, కొత్తగూడెంలో క్వార్టర్. మా అమ్మాయి బీఏ హిస్టరీ ఫైనలియర్. దసరా సెలవుల్లో అమెరికా బొగ్గుబాయి సమ్మె మీద ఏదో పాత డాక్యుమెంటరీ చూసింది, అప్పట్నుంచి అదే లోకం. అమెరికా పోయి ఎంఎఫ్ఏ (సినిమా, కళల్లో పీజీ) చేస్తా, అట్లాంటివి తీస్తా అంటోంది. నేను గ్రూప్-2కి ప్రిపేర్ అవ్వమంటున్నా. ప్లాట్ అమ్మితే పైసలు వస్తయి గానీ నా రిటైర్మెంట్ ఆరేళ్ళే ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: అన్నా, ముందు ఒక మాట, ప్లాట్ మాత్రం ఇప్పుడే అమ్మకండి. ఎందుకో తర్వాత చెప్తా.

మీ అమ్మాయి చూసిన సినిమా 'హార్లన్ కౌంటీ యూఎస్ఏ' అయ్యుంటది, 1976లో వచ్చింది. ఒక ఆదివారం మీరూ పక్కన కూర్చుని చూడండి, ఇంగ్లీష్ సగం అర్థం కాకపోయినా పర్లేదు, బొమ్మ మీకు అర్థమైనంత నాకు కూడా కాదు. కెంటకీ రాష్ట్రంలో బ్రూక్‌సైడ్ అనే గని, 1973లో అక్కడి కార్మికులు యూనియన్‌లో చేరితే కంపెనీ కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టనంది, దాంతో పదమూడు నెలలు సమ్మె. గేటు దగ్గర ఇంతమందే నిలబడాలని కోర్టు లిమిట్ పెడితే ఇళ్ళల్లోంచి ఆడవాళ్ళు కర్రలు పట్టుకుని రోడ్డు మీదకొచ్చారు. ఒక ఇంట్లో నల్లా లేదు, తల్లి రేకు తొట్టిలో పిల్లకి స్నానం చేయిస్తూ మాట్లాడుతుంటది, ఆ సీన్ ఒక్కసారి చూస్తే మర్చిపోలేం. తెల్లారకముందు చీకట్లో కంపెనీ మనుషులు తుపాకులు పేల్చారు, సినిమా తీసేవాళ్ళని కూడా కొట్టారు, చివరికి ఒక కుర్ర కార్మికుడు తుపాకీ దెబ్బకి చనిపోయాకే కంపెనీ సంతకం పెట్టింది. తీసిన బార్బరా కాపుల్‌కి అప్పుడు ముప్పై కూడా లేవు, సౌండ్ మిషన్ భుజానికి తగిలించుకుని తనే రికార్డ్ చేసింది. వెనకనుంచి కథ చెప్పే గొంతు ఉండదు, అంతా కార్మికుల మాటలే. 1977లో ఆస్కార్ వచ్చింది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మీ అమ్మాయిది ఏదో నాలుగు రోజుల మోజు అని నాకు అనిపించట్లేదు. మస్టర్ టైమ్‌కి ఇంట్లో హడావిడి, షిఫ్ట్ దిగి నాన్న వచ్చేదాకా అమ్మ గుమ్మం వైపు చూడడం, ఇవన్నీ చూస్తూ పెరిగిన పిల్ల ప్రపంచం అవతల అదే బతుకు తెర మీద చూసింది, కదలకుండా ఎట్లా ఉంటది? దాన్ని కొట్టిపారేయకండి, దయచేసి.

అయితే అమెరికా ఎంఎఫ్ఏ సంగతి వేరు. కాపుల్‌కి ఆ సినిమా పూర్తవ్వడానికి ఏళ్ళు పట్టింది, చిన్న చిన్న గ్రాంట్లు, అప్పులు. అక్కడ చరిత్ర డాక్యుమెంటరీలు చాలావరకు పబ్లిక్ టీవీ మీద, దాతల మీద నడుస్తాయి, 2025 జులైలో అమెరికా కాంగ్రెస్ పబ్లిక్ టీవీ, రేడియోలకి ఇవ్వాల్సిన సుమారు 110 కోట్ల డాలర్లు వెనక్కి తీసేసుకుంది, అంటే ఈ ఫీల్డ్‌లో అక్కడి వాళ్ళకే ఇప్పుడు కష్టకాలం. పైగా చదువు అయ్యాక స్టూడెంట్ వీసా మీద పని చేసుకోవడానికి ఓపీటీ పన్నెండు నెలలే, ఇంకో 24 నెలలు పెరగాలంటే కోర్సుకి స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) గుర్తింపు ఉండాలి, సాఫ్ట్‌వేర్ పిల్లలకి ఉన్నట్టు సినిమా కోర్సులన్నిటికీ అది ఉండదు. ఆ తర్వాత హెచ్-1బీ ఉద్యోగ వీసాకి ఒక కంపెనీ స్పాన్సర్ చేయాలి, డాక్యుమెంటరీ పని చూస్తే ప్రాజెక్ట్ ప్రాజెక్ట్‌కీ మారే కాంట్రాక్ట్ పని. నా దగ్గరికొచ్చిన ఒకబ్బాయి ఇవేవీ కనుక్కోకుండా లోన్ తీసుకుని పోయాడు, వచ్చి రెండేళ్ళయింది, ఇంకా ఈఎంఐలు కడుతూనే ఉన్నాడు, కెమెరా ముట్టుకునే టైమే లేదు. అది తల్చుకుంటే నాకు బాధగా ఉంటది, అందుకే ప్లాట్ అమ్మొద్దన్నా.

ఇప్పుడు మీ అమ్మాయికి చెప్పాల్సిన మాట. తల్లీ, డాక్యుమెంటరీ అంటే డైరెక్టర్ ఒక్కరే కాదు. 'ఐస్ ఆన్ ద ప్రైజ్' అని అమెరికా నల్లవాళ్ళ హక్కుల ఉద్యమం మీద పద్నాలుగు భాగాల సిరీస్ ఉంది, 1987లో మొదటి ఆరు, 1990లో మిగతా ఎనిమిది అక్కడి పబ్లిక్ టీవీ పీబీఎస్‌లో వచ్చాయి. తీసింది హెన్రీ హాంప్టన్. పోలియోతో కాలు దెబ్బతిన్న మనిషి, 1965లో ఓటు హక్కు కోసం జరిగిన సెల్మా ఊరేగింపులో నడిచాడు, ఈ కథ తెర మీద చెప్పాలని అప్పుడే అనుకున్నాడు, టీవీలోకి రావడానికి ఇరవై రెండేళ్ళు పట్టింది. షూటింగ్‌కి ముందు టీమ్ మొత్తాన్ని కూర్చోబెట్టి చరిత్రకారులతో, ఉద్యమంలో పాల్గొన్నవాళ్ళతో క్లాసులు చెప్పించాడు.

అంత గొప్ప సిరీస్ మళ్ళీ కొన్నేళ్ళు టీవీలో వేయడానికి లేకుండా పోయింది తెలుసా. ఎందుకంటే అందులో వాడిన పాత న్యూస్ క్లిప్పులు, ఫొటోలు, పాటలు, వాటికి తీసుకున్న పర్మిషన్లు కొన్నేళ్ళకే, తొంభైల్లో ఆ గడువులు అయిపోయాయి, మళ్ళీ కొనడానికి డబ్బుల్లేవు. హాంప్టన్ 1998లో చనిపోయాడు. దాతలు ముందుకొచ్చాక 2006లో గానీ మళ్ళీ పీబీఎస్‌లో రాలేదు. అంటే ఏ క్లిప్ ఎవరిది, ఏ ఫొటో ఎవరి దగ్గరుంది, ఎన్నేళ్ళకి రాయించుకోవాలి, ఇది చూసేవాళ్ళు ఉంటారు, ఆర్కైవల్ ప్రొడ్యూసర్ అంటారు, కింద రిసెర్చర్లు, వాళ్ళ పక్కన గంటల గంటల ఫుటేజ్ చూసి లాగ్ రాసే అసిస్టెంట్ ఎడిటర్లు. హిస్టరీ చదివిన పిల్లకి సరిగ్గా సరిపోయే తలుపు ఇదే అని నా గట్టి నమ్మకం, ఎవరూ ఈ పిల్లలకి ఇది చెప్పట్లేదు. ఓటీటీలకి డాక్యుమెంటరీలు చేసే ముంబై, ఢిల్లీ కంపెనీలకీ ఈ పని తెలిసినవాళ్ళు కావాలి.

చదువు ఇక్కడే మొదలుపెట్టండి అన్నా. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంఏ కమ్యూనికేషన్ ఉంది, ఢిల్లీలో జామియా మాస్ కమ్యూనికేషన్ సెంటర్ ఉంది, ముంబైలో టిస్ ఉంది, ఎడిటింగ్ మీద మనసుంటే పుణె ఎఫ్‌టీఐఐ, కోల్‌కతా సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్ ఉన్నాయి. అన్నీ ప్రభుత్వ డబ్బుతో నడిచేవే, ఫీజు అమెరికాతో పోల్చుకోనక్కర్లేదు. గ్రూప్-2 అంటారా, హిస్టరీ ఎలాగూ చదువుతోంది కాబట్టి ఒక అటెంప్ట్ రాయమనండి, కానీ దానికోసం కోచింగ్‌లో రెండేళ్ళు కూర్చోబెట్టకండి. ఎంఏ అయ్యి చేతిలో రెండు మూడు మంచి పనులుంటే అప్పుడు అమెరికాకి అప్లై చేయొచ్చు, స్కాలర్‌షిప్ వస్తేనే వెళ్ళాలి, లేకపోతే వద్దు, ఇది నా స్ట్రిక్ట్ సలహా.

ఇంకో సంగతి, అమెరికా చరిత్ర మీద పని చేయడానికి అమెరికా పోవాల్సిన పని కూడా లేదు మొదట్లో. 1946లో రసెల్ లీ అనే ఫొటోగ్రాఫర్ అక్కడి ప్రభుత్వం కోసం చాలా బొగ్గు గనుల ఊళ్ళు తిరిగి ఫొటోలు తీశాడు, హార్లన్ కౌంటీ కూడా ఉంది అందులో. అవి నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, అక్కడి ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగులు డ్యూటీలో తీసినవాటికి అమెరికాలో కాపీరైట్ ఉండదు, ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. బొగ్గుబావి దగ్గర నిలబడ్డ మనుషులు, వంటగదులు, నీళ్ళు మోసుకొచ్చే పిల్లలు, ఒక్కోదాని కింద ఊరు, గని పేరు రాసుంటది. ఆ ఫొటోలు ఒక ఇరవై తీసుకుని, కొత్తగూడెంలోనో ఇల్లందులోనో రిటైరైన కార్మికులకి, వాళ్ళ భార్యలకి ఒక్కొక్కటి చూపించి వాళ్ళేమంటారో రికార్డ్ చేయమనండి. పది నిమిషాల సినిమా చాలు. ఫోన్ కెమెరా, కాలర్‌కి పెట్టే ఒక మైక్, అంతే ఖర్చు. మాట్లాడిన ప్రతి మనిషి దగ్గరా తెలుగులో రాసిన పర్మిషన్ కాగితం మీద సంతకం తీసుకోవాలి, ఏ నిమిషంలో ఎవరు ఏం చెప్పారో నోట్‌బుక్‌లో రాయాలి, ఈ రెండు అలవాట్లు చూసే రేపు ఎవరైనా పనిలో పెట్టుకుంటారు. ఏ అడ్మిషన్ ఇంటర్వ్యూలో అయినా ఆ పది నిమిషాలు మార్కుల కంటే గట్టిగా మాట్లాడతాయి.

మొదటి ఇంటర్వ్యూ మీదే చేయమనండి అన్నా, కొత్తవాళ్ళ దగ్గర తడబడే కంటే నాన్న దగ్గర నేర్చుకోవడం నయం. సెలవు రోజు పొద్దున్నే పెట్టుకోండి, డ్యూటీ దిగి అలసిపోయి ఉన్నప్పుడు కాదు. ఆ గంటసేపు ఫ్యాన్, టీవీ, ఫ్రిజ్ ఆపేయండి, ఫ్యాన్ చప్పుడు మనకి వినపడదు గానీ మైక్‌లో పడితే మాట మొత్తం పాడవుద్ది. మొదటిరోజు బావిలోకి దిగినప్పుడు ఎట్లా అనిపించిందో, అదొక్కటే అడగమనండి, మీరు ఎంతసేపు చెప్తే అంతసేపు మధ్యలో మాట్లాడకుండా వినమనండి.