ప్రిన్స్ ఆల్బర్ట్‌లో అందరికీ దొరికే రుచి మీకెందుకు దొరకడం లేదు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. హ్యూస్టన్‌లో ఉంటారు, కొంతకాలంగా చెర్రీ, వెనీలా వాసనల పైప్ పొగాకు కాలుస్తున్నారు. పాతకాలపు అమెరికన్ బర్లీ అనే రకం పొగాకు చూడమని ఎవరో చెబితే, ఆ రకానికి పేరుపడ్డ ప్రిన్స్ ఆల్బర్ట్ బ్రాండ్ పౌచ్ కొన్నారు. తీసింది తీసినట్టు అదే పైప్‌లో నింపి ముట్టిస్తే కాగితం కాలినట్టుంది, నాలుక మండింది, బౌల్, అంటే పైప్‌లో పొగాకు నింపే గిన్నె, సగం కాలేసరికే తల తిరిగింది. ఇందులో జనం ఏం చూసి మురిసిపోతున్నారని అడిగారు.

ముందు ఒక మాట. పైప్ అలవాటు లేనివాళ్ళు దయచేసి ఇది చదివి మొదలుపెట్టకండి. పొగ మింగకపోయినా నోటి క్యాన్సర్ ముప్పు ఉంటుంది, నికోటిన్ పట్టుకుంటే ఒక పట్టాన వదలదు. ఇప్పటికే కాలుస్తున్నవాళ్ళ కోసమే ఈ జవాబు.

సూటిగా చెప్పాలంటే, చెర్రీ పొగాకును లాగిన వేగంతోనే మీరు బర్లీనీ లాగుతున్నారు. అదీ తడి ఆరకుండా, చెర్రీ వాసన పట్టేసిన పైప్‌లో. ఈ మూడూ మార్చండి. దాంతోపాటు బర్లీలో తీపి కోసం వెతకడం మానేయండి. అది అందులో ఉండదు.

ఎందుకు ఉండదో తెలిస్తే కాల్చే పద్ధతి దానంతట అదే అర్థమవుతుంది. వర్జీనియా పొగాకును, అంటే మన ఒంగోలు, కొండపి వైపు బ్యారన్లలో క్యూరింగ్ చేసే ఆకును, వేడి గొట్టాల సెగతో వారం తిరిగేసరికి ఆరబెట్టేస్తారు. ఆకు త్వరగా చచ్చిపోతుంది కాబట్టి చక్కెర అందులోనే నిలిచిపోతుంది. బర్లీకి సెగ తగలనివ్వరు. నేను కెంటకీ రాష్ట్రంలో లూయివిల్ దగ్గర ఉంటాను కాబట్టి ఇది చాలాసార్లు చూశాను. ఆగస్టు, సెప్టెంబరుల్లో మొక్కను మొదలంటా నరికి, ఐదారు మొక్కలను ఒక కర్రకు గుచ్చుతారు. ఆ కర్రలను ఎత్తయిన చెక్క కొట్టాల్లో వరుస మీద వరుసగా పైకప్పు దాకా వేలాడదీస్తారు. నల్ల రంగు పూసిన ఈ కొట్టాలకు పక్క గోడల్లో నిలువు చెక్కలు కొన్ని తలుపుల్లా తెరుచుకుంటాయి. గాలిలో తేమ చూసుకుని వాటిని తెరుస్తుంటారు, మూస్తుంటారు. ఆరు నుంచి ఎనిమిది వారాలు పొగాకు అలా గాలికే ఆరుతుంది. మొదటి వారాల్లో ఆకు ఇంకా ప్రాణంతోనే ఉండి, తనలోని చక్కెరను తానే తినేస్తుంది. చివరికి మిగిలేది లేత గోధుమ రంగు నుంచి ఎర్రమట్టి రంగు దాకా ఉండే పలచని, గుల్ల ఆకు. చక్కెర దాదాపు సున్నా, నికోటిన్ మాత్రం గట్టిగానే ఉంటుంది.

ఆ గుల్లతనమే బర్లీ భవిష్యత్తు మార్చింది. 1864లో ఓహాయో రాష్ట్రం బ్రౌన్ కౌంటీలో జార్జ్ వెబ్, జోసెఫ్ ఫోర్ అనే రైతులు నదికి ఇవతల, కెంటకీలోని బ్రాకెన్ కౌంటీ నుంచి తెచ్చిన విత్తనం చల్లితే, నారుమడిలో కొన్ని మొక్కలు తెల్లగా పాలిపోయి కనిపించాయి. జబ్బు మొక్కలనుకున్నవే తెల్ల బర్లీకి మూలమయ్యాయి. ఆ ఆకు ఏ ద్రవం పోసినా పీల్చేసుకుంటుంది. కంపెనీలకు ఇంకేం కావాలి? కోకో, అతిమధురం, మొలాసిస్ పట్టించి అమ్మడం మొదలుపెట్టాయి. మీరు పౌచ్ తెరవగానే వచ్చే తియ్యని వాసన అలా పట్టించిందే. ముట్టించాక కాసేపటికే అది పోతుంది, అసలు ఆకు బయటపడుతుంది. మీకు కాగితంలా అనిపించింది ఆ ఘట్టమే అయ్యుండాలి.

నాకు బర్లీ ముందు పంటగానే తెలుసు. మాది ఇంకొల్లు దగ్గర ఊరు, నాన్న నల్ల బర్లీ వేసేవారు. అది ఇక్కడి తెల్ల బర్లీ కాదు. హెచ్‌డీ బర్లీ అంటారే, ఆకులు కొట్టి, తోరణాలు గుచ్చి, ఎండలో ఆరబెట్టేది, ఆ రకం. మండె, అంటే ఆరిన ఆకు పేర్చిన కుప్ప, తిరగేసే రోజు ఇంటిల్లిపాదీ తుమ్మేవాళ్ళం. తమాషా ఏమిటంటే, ఇంత బర్లీ పండించిన మా ఊళ్ళో బర్లీ కాల్చిన మనిషిని నేను చూడలేదు. తాతయ్యకు చుట్టలోకి లంక పొగాకే కావాలి, ఇంకోటి ముట్టేవాడు కాదు. మా ఆకును చెక్కులుగా, అంటే బేళ్ళుగా, కట్టి తీసుకెళ్ళిపోయేవారు, ఆ తర్వాత అది ఏమయ్యేదో ఎవరికీ పట్టేది కాదు. రేటు గురించి మాత్రం బాగానే పట్టేది. 2025లో ఆ రేటు కుప్పకూలితే ప్రభుత్వం తన సహకార మార్కెటింగ్ సంస్థ మార్క్‌ఫెడ్‌ను దించి కొనిపించాల్సి వచ్చింది, అదంతా వేరే కథ.

సరే, కాల్చే విషయానికి వద్దాం.

పైప్ మార్చండి. చెర్రీ, వెనీలా పొగాకులు బ్రయర్ చెక్కలోకి, అంటే మామూలుగా పైప్‌లు చేసే చెక్కలోకి, వాసన దించేస్తాయి. ఆ పైప్‌లో బర్లీ పోస్తే రెండూ చెడతాయి. కొత్త బ్రయర్ కొనక్కర్లేదు, ఒక కార్న్‌కాబ్ పైప్ చాలు. మిస్సోరీలోని వాషింగ్టన్ అనే ఊళ్ళో 1869 నుంచి మొక్కజొన్న కంకి బెండుతో ఈ పైప్‌లు చేస్తున్నారు, మిస్సోరీ మీర్‌షామ్ వాళ్ళు. పెద్ద ఖరీదు కాదు, తేలిగ్గా ఉంటుంది, తడిని పీల్చుకుంటుంది, వేడెక్కినా చెయ్యి తట్టుకుంటుంది. బర్లీకి ఇంతకంటే సరిజోడు లేదని నా అభిప్రాయం. మొదట్లో ఒకటి రెండుసార్లు బెండు కాలిన వాసన వస్తుంది, పట్టించుకోకండి.

తర్వాత తడి. పౌచ్ పొగాకు ఎండిపోకుండా కంపెనీలు కావాలనే తేమ ఎక్కువగా ఉంచుతాయి. ఒక బౌల్‌కు సరిపడా తీసి కాగితం మీద పలచగా పరచండి. పావుగంట ఆగి చిటికెడు తీసుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కి వదలండి. ముద్దలా అంటుకునే ఉంటే ఇంకా తడి ఉన్నట్టు. నొక్కు వదిలాక రేకులు మెల్లగా విడివడాలి, వేలికి చల్లగా తగలకూడదు. అలాగని నలిపితే పొడి అయ్యేంతవరకు ఆరనివ్వకండి. మీ హ్యూస్టన్ తేమలో కిటికీ తెరిచి పెడితే ఎంతకీ ఆరదు, ఏసీ గదిలో పెట్టండి. తడి పొగాకు కాలితే బౌల్లో ఆవిరి పుడుతుంది. మీ నాలుక మంటలో సగం ఆ ఆవిరి పుణ్యమే.

నింపడంలో పెద్ద విద్య ఏమీ లేదు. ప్రిన్స్ ఆల్బర్ట్ పొట్టి పొట్టి ముక్కలుగా ఉంటుంది కాబట్టి బౌల్లోకి రాల్చుకుంటూ పక్కన వేలితో తట్టండి, చివర్లో ఒక్కసారి తేలిగ్గా అదమండి. ముట్టించకముందే లాగి చూడండి. గాలికి కాస్త అడ్డు తగలాలి గానీ బుగ్గలు లోపలికి పోకూడదు. అగ్గిపుల్లతో ఒకసారి పైపైన ముట్టిస్తే పొగాకు ఉబ్బి పైకి లేస్తుంది. దాన్ని మెత్తగా అదిమి, మళ్ళీ ముట్టించండి.

ఇక వేగం. అసలు కిటుకు ఇదే. బర్లీ ఇట్టే అంటుకుంటుంది, గబగబా కాలిపోతుంది. చక్కెర లేనందువల్ల పొగకు క్షార గుణం ఎక్కువ. మెల్లగా లాగితే నాలుక మీద మెత్తగా ఉండే ఆ పొగే వేడెక్కితే చురచురలాడిస్తుంది. నిమిషానికి ఒకటి, మహా అయితే రెండు చిన్న దమ్ములు చాలు. పొగ దట్టంగా రావాలని ఆశపడకండి, సన్నగా వచ్చినప్పుడే రుచి ఉంటుంది. బౌల్‌ను చెంపకు ఆనించి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే, చురుక్కుమంటే పైప్ పక్కన పెట్టేయండి. ఆరిపోతే మళ్ళీ ముట్టించుకోవచ్చు, అందులో నామోషీ ఏముంది? పొగ మింగకుండా, నోట్లో ఉన్నదాన్ని అప్పుడప్పుడు కొద్దిగా ముక్కులోంచి వదలండి. బర్లీ రుచి నాలుక కన్నా ముక్కుకే ఎక్కువ తెలుస్తుంది.

ఇలా కాలిస్తే బౌల్ పైభాగంలో కోకో వాసన తేలిగ్గా వచ్చి పోతుంది. మధ్యలోకి వచ్చాక వేయించిన వేరుశనగ, అదీ పొట్టుతో నమిలినట్టు ఆ కొంచెం వగరుతో సహా వస్తుంది. కాల్చిన రొట్టె అంచు కూడా తగులుతుంది. నేను బర్లీ కాల్చేదంతా ఈ మధ్య భాగం కోసమే. అడుగుకు వచ్చేసరికి మట్టి వాసన, ఘాటు పెరుగుతాయి. చేదు మొదలైతే ఆపేయండి, చివరి రేకు దాకా కాల్చి తీరాలన్న పంతం వద్దు. పచ్చళ్ళు, పులుసుల మధ్య ముద్దపప్పుకు ఏ స్థానమో, పైప్ పొగాకుల్లో బర్లీకి అదే స్థానం అంటాను. మొదటి ముద్దకే ఆహా అనిపించదు, కానీ రోజూ తిన్నా మొహం మొత్తదు. పుస్తకం చదువుతూనో, పని చేసుకుంటూనో కాల్చడానికి నాకు దీన్ని మించింది దొరకలేదు. మొత్తం ధ్యాసంతా నా మీదే పెట్టు అని అడగదు.

తల తిరగడం గురించి. మీరు కాల్చే చెర్రీ రకాల్లో సాధారణంగా నికోటిన్ తక్కువ. బర్లీలో ఎక్కువ, పైగా క్షార గుణం వల్ల పొగ మింగకపోయినా నోటి పొరల్లోంచే ఒంట్లోకి ఎక్కుతుంది. ఖాళీ కడుపుతో ఎప్పుడూ కాల్చకండి. చల్లని చెమట, ఎక్కిళ్ళు, కడుపులో తిప్పడం కనిపిస్తే వెంటనే ఆపి, కాసిన్ని నీళ్ళు తాగి కూర్చోండి. పైప్ కాల్చేవాళ్ళు ఇలాంటప్పుడు ఏదైనా తీపి నోట్లో వేసుకుంటారు, నాకు బెల్లం ముక్క పనిచేస్తుంది. భోజనం తర్వాత, చికోరీ కలిసిన ఫిల్టర్ కాఫీతో చిన్న బౌల్ కాల్చి చూడండి. ఆ చేదుకూ ఈ వేరుశనగ రుచికీ బాగా కుదురుతుంది. ఇక్కడివాళ్ళు బూర్బన్ విస్కీతో కాలుస్తారు. నాకైతే కాఫీయే.

ప్రిన్స్ ఆల్బర్ట్‌తోనే ఉండాలా, వేరేది చూడాలా అంటే, ముందు చేతిలో ఉన్నదాన్ని పైన చెప్పినట్టు కాల్చండి. అది ఆషామాషీ సరుకు కాదు. ఆర్.జె. రేనాల్డ్స్ కంపెనీ 1907లో తెచ్చింది. ఇంగ్లండు రాజు ఏడో ఎడ్వర్డ్ యువరాజుగా ఉన్నప్పటి పేరే దానికి పెట్టారు. ఆ ఎర్ర డబ్బా ఇక్కడ ఎంత ప్రసిద్ధి అంటే, పిల్లలు కొట్లకు ఫోన్ చేసి మీ దగ్గర డబ్బాలో ప్రిన్స్ ఆల్బర్ట్ ఉన్నాడా అని అడగడం, ఉన్నాడనగానే పాపం బయటికి వదలండి అని ఫోన్ పెట్టేయడం తరాల తరబడి సాగిన ఆకతాయి పని. కాస్త మెత్తదనం కావాలంటే కార్టర్ హాల్ చూడండి. అందులో వర్జీనియా కూడా కలుస్తుంది కాబట్టి మీలా తీపి అలవాటైన నాలుకకు తేలిగ్గా దారి ఇస్తుంది. సర్ వాల్టర్ రాలీలో తీపి పూత ముదురుగా ఉంటుంది, నాకు అంతగా నచ్చదు. మందుల షాపుల్లో కూడా దొరికే ఈ మామూలు డ్రగ్ స్టోర్ రకాలు దాటి పోవాలనిపిస్తే సోలానీ ఏజ్డ్ బర్లీ ఫ్లేక్ అద్భుతంగా ఉంటుంది, ఖరీదు కూడా అలాగే ఉంటుంది. ఫైవ్ బ్రదర్స్ జోలికి మాత్రం ఇప్పుడే వెళ్ళకండి. పై పూతలు ఏమీ లేని వట్టి బర్లీ, సన్నగా తరిగి ఉంటుంది. ఘాటుకు అలవాటుపడ్డవాళ్ళనే కూర్చోబెడుతుంది.

తెరిచిన పౌచ్ త్వరగా ఎండిపోతుంది. మూత గట్టిగా పట్టే గాజు సీసాలోకి మార్చి, ఎండ తగలని చోట పెట్టండి. నెలలు బాగానే ఉంటుంది. అయితే వర్జీనియా ఏళ్ళు గడిచేకొద్దీ మాగినట్టుగా బర్లీ మాగదు, అందులో మాగడానికి చక్కెర లేదు కదా. అందుకని దాచిపెడదామని డజను డబ్బాలు ఒకేసారి కొనకండి, అయిపోయినప్పుడు ఒకటి తెచ్చుకుంటే చాలు.