ఇంటి పట్టున సంపాదన: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే చింత చుట్టూ తిరిగాయి: ఖర్చులు పెరిగాయి, జీతం పెరగలేదు, ఇల్లు కదలకుండా నాలుగు డబ్బులు సంపాదించే దారి ఏమిటి? ఒకే రకం ప్రశ్నలను కలిపి, కుదించి, పేర్లు తీసేసి ఇక్కడ ఇస్తున్నాము.

ప్రశ్న: మావారు పనిచేసే సంస్థలో జీతాలకు కోత పెట్టారు. మా ఇంట్లో కుట్టుమిషన్ ఉంది. ఇరుగుపొరుగు వారి దుస్తులు అప్పుడప్పుడు కుట్టి ఇస్తుంటాను. ఇకపై దీనినే రాబడిగా మలచుకోవాలనుకుంటున్నాను. వాయిదాల పద్ధతిలో ఎంబ్రాయిడరీ మిషన్ తీసుకుంటే గిరాకీ బాగుంటుందని మా చెల్లెలు అంటోంది. రోజుకు రెండు గంటల తీరిక దొరుకుతుంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ మిషన్ సంగతి తేల్చుకుందామమ్మా. వాయిదా నెలనెలా తేదీ తప్పకుండా వచ్చి తలుపు తడుతుంది, గిరాకీ అలా రాదు. ఒక జీతం తగ్గిన ఇంట్లో తప్పనిసరి ఖర్చు ఇంకొకటి చేర్చుకోవడం, అదీ రాబడి ఎంతో తెలియకముందే చేర్చుకోవడం, నాకు సబబుగా తోచడం లేదు. పైగా చేతిలో డబ్బు ఆడనప్పుడు జనం మొట్టమొదట మానుకునేది అలంకారమే. అదే సమయంలో ఉన్న బట్టను ఇంకొక ఏడాది వాడుకోవాలన్న ఆలోచన పెరుగుతుంది కనుక, పాడైన జిప్పు మార్చడం, నడుము దగ్గర వదులు చేయడం, ఎదిగే పిల్లల దుస్తుల అంచు మడత విప్పి పొడవు పెంచడం వంటి పనులకు మనుషులు వెతుక్కుంటూ వస్తారు. ఇవి పెద్ద దర్జీలు విసుక్కునే పనులు. మీ దగ్గరున్న మిషన్ వీటికి చాలు.

ఎంబ్రాయిడరీ మీద మనసు ఉంటే ఆర్డర్లు మీరు తీసుకుని, ఆ మిషన్ ఉన్నవారి చేత చేయించి, మధ్యలో మీకు కొంత మిగిలేలా ధర చెప్పండి. మూడు నాలుగు నెలల పాటు ఆ మిగులు వాయిదా మొత్తాన్ని దాటుతూ వస్తే అప్పుడు కొనుక్కోవచ్చు. దాటకపోతే, కొనకపోవడమే మీరు చేసిన లాభసాటి పని.

ఇక రెండు గంటల మాట. చాలామంది తడబడేది ఇక్కడే, నేనూ తడబడ్డాను కాబట్టి చెబుతున్నాను. చాలా ఏళ్ల క్రితం ఒక ప్రచురణకర్త దగ్గర 300 పేజీల పుస్తకానికి ప్రూఫులు దిద్దే పని, పేజీకి ఇంత అని, ఒప్పుకున్నాను. గంటకు పన్నెండు పేజీలు సులువుగా అవుతాయి, ఇరవై ఐదు గంటల్లో ముగించవచ్చు అని మనసులో లెక్క. ఎందుకో మొదటి రోజు నుంచీ ఒక నోటుబుక్కులో కూర్చున్న సమయం, లేచిన సమయం రాసుకుంటూ వచ్చాను. చివరకు కూడితే చదవడానికి 38 గంటలు, దిద్దుబాట్లు సరిగా ఎక్కాయో లేదో మళ్లీ చూడడానికి 11, కాగితాలు మోయడానికీ ఫోన్లలో మాట్లాడడానికీ 6, వెరసి 55 గంటలు తేలాయి. అంకెల పట్టికలు ఉన్న ఒక్క అధ్యాయమే రెండు సాయంత్రాలు మింగేసింది. అంటే నేను అనుకున్న కూలిలో సగం కూడా పడలేదు. అయినా ఆ నోటుబుక్కు వృథా పోలేదు, తరువాతి పుస్తకానికి ధర చెప్పేటప్పుడు దానినే ముందు పెట్టుకున్నాను.

మీరూ ఒక నెల అలా రాసి చూడండి. కుట్టుకూలి రూపంలో వంద వంతులు వచ్చాయనుకోండి. దారం, బొత్తాలు, జిప్పులు, సూదులకు ఇరవై, కరెంటుకు ఐదు, మిషన్ మరమ్మతు కోసం పక్కన పెట్టవలసినవి పది పోగా, మిగిలేవి అరవై ఐదు. రోజుకు రెండు గంటల చొప్పున 25 రోజులకు యాభై గంటలు అని మీ ఊహ. కాని కొలతలు తీసుకోవడం, కత్తిరింపు, సరిపోలేదని తెచ్చినవి విప్పి మళ్లీ కుట్టడం కలిపితే అరవై ఐదు గంటలు అవుతాయి. గంటకు రెండు వంతులు వస్తాయనుకున్నది ఒక్కటే అయింది. ఇది మిమ్మల్ని నిరుత్సాహపరచడానికి చెప్పడం లేదు. ఏ పనికి గంటకు ఎంత గిట్టుతున్నదో తెలిస్తే గిట్టనిదానికి ధర పెంచవచ్చు, లేదా మానుకుని గిట్టేదానికే ఆ సమయం ఇవ్వవచ్చు.

తెలిసినవారిని డబ్బు అడగడానికి నోరు రాదని ఉత్తరం చివర రాశారు. ధరల పట్టిక ఒకటి రాసి మిషన్ పక్కన గోడకు అంటించండి. నోటితో అడగలేనిది ఆ కాగితం అడుగుతుంది. బట్ట తీసుకునేటప్పుడే సగం కూలి తీసుకుని, ఇచ్చే తేదీ చీటీ మీద రాసి ఇచ్చే అలవాటు మొదటి రోజు నుంచే పెట్టుకోండి. మధ్యలో మొదలుపెడితే మనసులు నొచ్చుకుంటాయి.

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్నాను. ఫోన్‌కు వచ్చిన సందేశం చూసి, వీడియోలకు లైకులు కొట్టి రేటింగులు ఇచ్చే పనిలో చేరాను. మొదటి రెండు రోజులు చిన్న మొత్తాలు నిజంగానే ఖాతాలో పడ్డాయి. ఇప్పుడు పెద్ద టాస్కులు కావాలంటే ముందుగా డిపాజిట్ కట్టాలి, అది కమిషన్‌తో కలిపి తిరిగి వస్తుంది అంటున్నారు. గ్రూపులో మిగతావాళ్లందరికీ వస్తున్నట్టు కనబడుతోంది. కట్టవచ్చా?

జవాబు: కట్టవద్దు నాయనా. ఇప్పటికే కట్టి ఉంటే, దానిని రాబట్టుకోవడానికి ఇంకొంత కట్టమన్నా కట్టవద్దు. మొదట పడిన ఆ చిన్న మొత్తాలు మీ శ్రమకు కూలి కావు, గాలానికి గుచ్చిన ఎర. గ్రూపులో లాభాలు చూపించే "మిగతావాళ్లు" చాలాసార్లు ఆ ముఠా మనుషులే అయి ఉంటారు. తెర మీద మీ పేరిట కనిపించే నిల్వ వట్టి అంకె. దానిని తీసుకోబోయే సరికి పన్ను అనో, ఖాతా స్తంభించిందనో, పొరపాటు టాస్కుకు జరిమానా అనో మరో మొత్తం అడుగుతారు.

ఎత్తుగడ పాతదే, వేషం మాత్రం మారుతూ వస్తోంది. 1930ల మహామాంద్యం నాటి అమెరికాలో ఇంట్లో కూర్చుని కవర్లలో కాగితాలు పెట్టి పంపితే చాలునన్న ప్రకటనలు వచ్చేవి. ఆశపడి రుసుము పంపినవారికి పని దొరికేది కాదు. మీరూ ఇలాంటి ప్రకటనే వేసి ఇతరుల దగ్గర రుసుము వసూలు చేసుకోండి అన్న సలహా దొరికేది. పని ఇచ్చేవాడు డబ్బు ఇస్తాడు. పని ఇస్తానంటూ డబ్బు అడిగేవాడు, నమోదు రుసుము అన్నా, శిక్షణ సామగ్రి అన్నా, వాపసు చేసే డిపాజిట్ అన్నా, మీకు ఏదో అమ్ముతున్నాడనే అర్థం.

ఇంతకంటే ప్రమాదకరమైన కోరిక ఇంకొకటి రావచ్చు. మీ బ్యాంకు ఖాతాలో డబ్బు వేస్తాము, కమిషన్ ఉంచుకుని మిగిలినది మేము చెప్పిన ఖాతాకు పంపండి అంటారు. ఆ డబ్బు సాధారణంగా వేరే ఎవరినో మోసం చేసి తెచ్చినది అయి ఉంటుంది. దర్యాప్తులో మొదట దొరికే పేరు మీది. నాకు తెలియదు అన్న మాట అక్కడ పెద్దగా అక్కరకు రాదు. ఇప్పుడు చేయవలసింది ఒకటే. సంభాషణలూ చెల్లింపుల వివరాలూ చెరిపేయకుండా భద్రపరచి, వెంటనే బ్యాంకుకూ పోలీసులకూ తెలియజేయండి. పంపిన డబ్బు ఖాతాలు మారుతూ పోతుంది కనుక ఈ విషయంలో ప్రతి గంటా విలువైనదే.

ప్రశ్న: ఒక గుత్తేదారు విడిభాగాలు ఇంటికి తెచ్చి ఇస్తాడు. వాటిని జోడించి ఇస్తే ముక్కకు ఇంత చొప్పున లెక్క కడతాడు. మా అత్తగారు, నేను, ఒక్కొక్కసారి పిల్లలు కూడా కూర్చుంటాము. తీసుకువెళ్లేటప్పుడు కొన్ని బాగోలేదని కోత కోస్తున్నాడు. అడిగితే పని ఇంకొకరికి ఇస్తాడేమోనని భయం.

జవాబు: మీ భయం నిరాధారమైనది కాదు. ఈ పద్ధతి ఫ్యాక్టరీల కంటే పాతది. ఐరోపాలో యంత్రాలు రాకముందు వర్తకులు ఉన్నిని, నూలును ఇళ్లకు పంచి, వడికిన దారాన్ని, నేసిన బట్టను తిరిగి తీసుకుని ముక్కకూలి ఇచ్చేవారు. చోటు, దీపం, పనిముట్టు అన్నీ కూలివారివే. గిరాకీ పడిపోతే నష్టం కూడా వారిదే. నేటికీ ఆ ఏర్పాటు పెద్దగా మారలేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ అంచనా ప్రకారం 2019లో ప్రపంచంలో దాదాపు 26 కోట్ల మంది ఇళ్ల నుంచే పనిచేసేవారు, వారిలో సగానికి పైగా స్త్రీలు. ఇతరులు ఇచ్చే పనిని ఇంట్లో చేసేవారికి మిగతా కూలివారితో సమానమైన ఆదరణ ఉండాలని ఆ సంస్థ 1996లో 177వ నంబరు ఒడంబడికను ఆమోదించింది. దానిని ధ్రువీకరించిన దేశాలు మాత్రం కొన్నే.

కాబట్టి మీ రక్షణ కొంత మీ చేతిలోనే ఉండాలి. సరుకు దిగిన రోజు, ఎన్ని ముక్కలు ఇచ్చాడు, ఎన్ని తీసుకున్నాడు, ఎన్ని వెనక్కి పెట్టాడు, ఎందుకు పెట్టాడు అన్నవి ఒక పుస్తకంలో రాసి, ప్రతిసారీ అతని చేత సంతకం పెట్టించుకోండి. మొదట్లో నవ్వుతాడు, రెండు సార్లు అయ్యాక అలవాటు పడతాడు. బాగోలేదన్న ముక్కను మీ ఎదుటే పక్కన పెట్టమనండి. కూలి కోసి, అదే ముక్కను సరుకులో కలిపేసుకునే వాళ్లను చూశాను. ఇదే పని చేసే ఇళ్లు నాలుగు కలిసి ఒకే రేటు చెప్పగలిగితే, ఇంకొకరికి ఇస్తానన్న బెదిరింపుకు పదును తగ్గుతుంది. లెక్కలో మీ ఒక్కరి గంటలే కాక అత్తగారి గంటలూ వేయండి. పిల్లలను మాత్రం ఆ పని దగ్గర కూర్చోబెట్టవద్దు. వాళ్లు కూర్చుంటే తప్ప గిట్టని రేటు అసలు గిట్టుబాటు రేటే కాదు.

ప్రశ్న: మా ఆడపడుచు ఒక గొలుసుకట్టు అమ్మకాల పథకంలో ఉన్నారు. నన్నూ చేరి, నా కింద ఆరుగురిని చేర్పించమని ఒత్తిడి చేస్తున్నారు. కాదంటే చుట్టరికం చెడుతుందేమో.

జవాబు: కాగితం తీసుకుని ఆరును ఆరుతో హెచ్చిస్తూ పొండి. ఆరవ వరుసకు 46,656 మంది, పన్నెండవ వరుసకు 217 కోట్ల పైచిలుకు, పదమూడవ వరుసకు 1,306 కోట్లు. ప్రపంచ జనాభా 2022 నవంబరులో 800 కోట్లకు చేరిందని ఐక్యరాజ్య సమితి ప్రకటించింది. అంటే పదమూడు మెట్లు ఎక్కేలోపే భూమి మీద మనుషులు అయిపోతారు. ఎక్కడ ఆగినా, ఆగిన వేళకు ఆఖరి వరుసలో ఉన్నవారి సంఖ్య పై వరుసలన్నింటినీ కలిపినదాని కంటే దాదాపు ఐదు రెట్లు ఉంటుంది.

ఆడపడుచుగారిని ఒక్క మాట అడగండి: పథకంలో లేని బయటివారికి సరుకు అమ్మినందువల్ల వచ్చింది ఎంత, మనుషులను చేర్చినందువల్ల వచ్చింది ఎంత? మొదటిది లేకుండా రెండవదే ఉంటే చేరవద్దు. చుట్టరికం కోసమంటారా, మీకు నిజంగా అవసరమైన వస్తువు ఏదైనా ఉంటే ఒకటి కొనండి, సభ్యత్వ ఫారం మీద మాత్రం సంతకం చేయవద్దు.

ప్రశ్న: నేను ఉద్యోగిని. సాయంత్రాలు ఆన్‌లైన్‌లో అనువాదాలు చేయాలని ఉంది. జాగ్రత్తలు చెప్పగలరా?

జవాబు: మొదట మీ నియామక పత్రం తీసి చదవండి. బయటి పనికి అనుమతి తీసుకోవాలన్న షరతు చాలా సంస్థల పత్రాలలో ఉంటుంది, మనం ఉద్యోగం వచ్చిన సంబరంలో చదవకుండానే సంతకం పెట్టేసి ఉంటాము. ఆఫీసు ల్యాప్‌టాప్, ఆఫీసు మెయిల్ ఈ పనికి వాడవద్దు. వెబ్‌సైట్లలో ప్రపంచం నలుమూలల నుంచీ పోటీ ఉంటుంది, పైగా ఇప్పుడు సాధారణ అనువాదాన్ని యంత్రమే క్షణంలో చేసిపెడుతోంది. అందువల్ల "అన్నీ అనువదిస్తాను" అనేవారి కంటే, తాము ఉద్యోగంలో వాడే రంగపు పత్రాలను, అది బీమా కావచ్చు, వైద్యం కావచ్చు, తప్పు లేకుండా దిద్ది ఇవ్వగలిగినవారికే మంచి ధర పలికే అవకాశం ఎక్కువ. వెబ్‌సైటు కమిషన్, విదేశీ చెల్లింపు అయితే మారకంలో పోయేది తీసివేశాక మిగిలేదానినే మీ ధరగా లెక్కించుకోండి. పని ఇచ్చేవారు కొత్తవారైతే పెద్ద పనిని భాగాలుగా విడగొట్టి, మొదటి భాగానికి డబ్బు అందాకే రెండవది పంపండి. ఈ రాబడికీ పన్ను వర్తించవచ్చు. మొదటి చెల్లింపు నుంచే కొంత వేరే ఖాతాలో వేసి ఉంచుకుంటే, పన్ను కట్టే నెలలో జీతం మీద చేయి పడదు.