ఆసుపత్రి నెట్‌వర్క్‌లోదే, మత్తు డాక్టరు కాదట: బిల్లు కట్టాలా?

ప్రశ్న: అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాను. కంపెనీ ఇన్సూరెన్స్ ఉంది. అర్ధరాత్రి మా ఆవిడకు కడుపునొప్పి వస్తే అంబులెన్స్‌లో ఎమర్జెన్సీకి తీసుకెళ్లాం, అపెండిక్స్ తీసేశారు. ఆసుపత్రి మా నెట్‌వర్క్‌లోదే, అంటే ఇన్సూరెన్స్‌తో ముందే ధరలు ఒప్పందం చేసుకున్న ఆసుపత్రులూ డాక్టర్ల జాబితాలోదే. మత్తు డాక్టరు మాత్రం నెట్‌వర్క్‌లో లేరంటూ 4,200 డాలర్ల బిల్లు వచ్చింది. అంబులెన్స్ బిల్లు వేరే. కట్టకపోతే కలెక్షన్స్‌కు, అంటే బాకీలు వసూలు చేసే ఏజెన్సీకి, ఇస్తామంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: మత్తు డాక్టరు బిల్లు ఇప్పుడే కట్టకండి. క్రెడిట్ కార్డు మీద అసలే వేయకండి. వేస్తే అది కార్డు బాకీగా మారిపోతుంది, ఆపైన వాదించడం కష్టం.

ఇలాంటి బిల్లులతో జనం నలిగి నలిగి, చివరికి నో సర్‌ప్రైజెస్ యాక్ట్ అనే ఫెడరల్ (కేంద్ర) చట్టం వచ్చింది. 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ఎమర్జెన్సీ వైద్యానికీ, నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఇచ్చిన మత్తుకూ మీ వాటా నెట్‌వర్క్ లెక్క ప్రకారమే ఉండాలి. మిగతాది డాక్టరూ ఇన్సూరెన్సూ తేల్చుకోవాలి, కుదరకపోతే మధ్యవర్తి దగ్గరకు వెళ్లాలి. "నెట్‌వర్క్ బయటి ధర కడతామని మీరు సంతకం చేశారుగా" అని బిల్లు పంపినవాళ్లు అనొచ్చు. నొప్పితో మెలికలు తిరిగే మనిషి చేత పెట్టించిన ఆ సంతకం ఇక్కడ చెల్లదు. మత్తు విషయంలో ఈ రక్షణను వదులుకోమని అడిగే వీలే చట్టం ఇవ్వలేదు.

ఇన్సూరెన్స్ పంపిన ఈఓబీని (ఎంత తాము కట్టారో, మీ వాటా ఎంతో చూపే వివరణ పత్రాన్ని) బిల్లు పక్కన పెట్టి చూడండి. అందులో మీ వాటాగా చూపిన మొత్తం కంటే బిల్లు ఎక్కువుంటే, చట్టం పేరు రాసి బిల్లింగ్ ఆఫీసుకు ఉత్తరం పంపండి, నకలు దాచుకోండి. దిగిరాకపోతే ఫెడరల్ నో సర్‌ప్రైజెస్ హెల్ప్ డెస్క్‌లో ఫిర్యాదు చేయండి. ఇన్సూరెన్సే తప్పుగా లెక్కగడితే 180 రోజుల్లో అప్పీలు వేయాలి. అక్కడా కాదంటే ఇన్సూరెన్స్‌తో సంబంధం లేనివాళ్ల చేత బయటి సమీక్ష కోరవచ్చు. కలెక్షన్స్ ఏజెన్సీ నుంచి నోటీసు వస్తే 30 రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పండి. ఫోన్లో చెప్పి ఊరుకోవద్దు.

అంబులెన్స్ దగ్గరే నాకు బాధ. హెలికాప్టర్ అంబులెన్స్‌ను చట్టంలో చేర్చి, మామూలు జనం ఎక్కే రోడ్డు అంబులెన్స్‌ను వదిలేశారు. కొన్ని రాష్ట్రాలు సొంత చట్టాలు చేసుకున్నాయి గానీ, మీ కంపెనీ తన డబ్బుతోనే ప్లాన్ నడుపుతుంటే అవి సాధారణంగా వర్తించవు. అది ఏ రకం ప్లానో హెచ్‌ఆర్‌ను అడగండి. ఎమర్జెన్సీగా లెక్కగట్టారో లేదో ఇన్సూరెన్స్‌ను అడగండి. ఆ తర్వాత అంబులెన్స్ వాళ్ల దగ్గర ఖర్చుల వివరం తీసుకుని తగ్గించమని బేరమాడండి, వాయిదాలు అడగండి.