పాత వార్నిష్ మీద తెల్ల రంగు నిలుస్తుందా?

ప్రశ్న: మాది కాకినాడ. మా మామగారు తొంభైల్లో కట్టించిన ఇల్లు. హాల్లో ఒక గోడంతా చెక్క ప్యానెలింగ్, దాని మీద వార్నిష్. అప్పట్లో దర్జాగా ఉండేదట గానీ ఇప్పుడు నల్లబడిపోయి, పగలు కూడా లైటు వేసుకోవాల్సి వస్తోంది. తెల్ల రంగు వేయిద్దామంటే పెయింటరు "ప్రైమర్ ఎందుకమ్మా, ఎనామిల్ ఇంకో కోటింగ్ లాగిస్తే సరి" అంటున్నాడు. మామగారేమో టేకు మీద రంగేంటని అలిగి కూర్చున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: పెయింటరు మాట మాత్రం వినకండి, రంగుకు పట్టునిచ్చే అడుగు పూతే ప్రైమర్. ఎన్ని కోటింగులు వేసినా ఆ ఎనామిల్ పట్టుకోవాల్సింది కింద ఉన్న వార్నిష్‌నే, అదేమో నున్నగా జారిపోయేలా ఉంటుంది. మొదట్లో బాగానే కనిపిస్తుంది, తర్వాత కుర్చీ తగిలిన చోట పెచ్చు లేస్తుంది, అక్కడ గోరు పెట్టి లాగితే పొర పొరంతా ఊడొస్తుంది.

ఇక మామగారి సంగతి. అది నిజంగా టేకేనా? మెయిన్ ఆపేసి, ఒక స్విచ్‌బోర్డు ప్లేటు విప్పించి చెక్క అంచు చూడండి. పొరలు పొరలుగా ఉంటే ప్లైవుడ్ మీద అతికించిన వినీర్ (పలుచని చెక్క రేకు) అన్నమాట, నిశ్చింతగా రంగేసుకోండి. ఆసాంతం ఒకే చెక్కయితే మాత్రం నా ఓటు మామగారికే. ఆ నలుపులో చాలావరకు పాత వార్నిష్‌దే, గీకించి మళ్లీ పాలిష్ పెట్టిస్తే హాలు తేలికపడుతుంది.

రంగే అనుకుంటే, అసలు పనంతా డబ్బా మూత తీయక ముందే ఉంటుంది. డిటర్జెంట్ నీళ్లలో గుడ్డ ముంచి గట్టిగా పిండి తుడవండి, నీళ్లు కారేలా తుడిస్తే వినీర్ ఉబ్బుతుంది. సోఫా వెనక తలలు ఆనేచోట కొబ్బరినూనె మరకలు గుండ్రంగా కనిపిస్తాయి చూడండి, రంగు ముందుగా ఊడేది అక్కడే, కాబట్టి ఆ మేరకు టర్పెంటైన్‌తో ఇంకోసారి తుడిపించండి. బాగా ఆరాక 150 నంబరు శాండ్‌పేపర్, ఆ తర్వాత 220. వార్నిష్ మొత్తం పోనక్కర్లేదు, మెరుపు చచ్చి గరుకు తేలితే చాలు. మెషీన్ వద్దు, వినీర్ పలుచన, ఒక్క నిమిషం ఏమరితే కింద ప్లై బయటపడుతుంది. మాస్క్ పెట్టుకోమనండి, దుమ్మంతా తుడిపించండి.

ప్రైమర్ మామూలుది కాకుండా మరకలు పైకి రానివ్వని స్టెయిన్ బ్లాకింగ్ రకం తీసుకోండి. టేకులోని రంగు తెల్లటి పెయింట్‌లోంచి పసుపు మచ్చల్లా పైకి తేలుతుంది, ఆ తర్వాత ఎన్ని పూతలేసినా అదే గోల. మేకు గుంతల్లో లప్పం ప్రైమర్ తర్వాతే. పైన నీళ్ల ఎనామిల్ పలుచగా రెండు కోట్లు వేయించండి. ఆయిల్ ఎనామిల్ తెలుపు వెలుతురు తక్కువుండే గదిలో త్వరగా పచ్చబడుతుంది, మీ హాలు అసలే చీకటి. వానాకాలంలో మొదలుపెట్టకండి, మీ ఊరి ఉక్కకు పూత సరిగ్గా ఆరదు.

పెయింటరు ఇంకా వాదిస్తే సోఫా వెనక జానెడు మేర తన పద్ధతిలో, పక్కనే ఇంకో జానెడు ప్రైమర్‌తో వేయించండి. వారం ఆగి, రెండింటి మీదా బ్లేడుతో అడ్డంగా నిలువుగా గీతలు గీసి, టేపు నొక్కి అంటించి చర్రున లాగండి. టేపుకు ఏది అంటుకొచ్చిందో ఆయనకే చూపించండి.

ప్రశ్న: మా వీధి తలుపు వార్నిష్ పెచ్చులు లేస్తోంది. దాని మీదే ఇంకో పూత కొట్టించొచ్చా? (వరంగల్)

జవాబు: వద్దు. లేచిన పొర మీద ఏది కొట్టినా దానితోపాటే ఊడుతుంది. చెక్క కనిపించేదాకా గీకించి, ఎండకు తట్టుకునే బయటి రకం వార్నిష్ వేయించండి. గడపకు పసుపు రాసే అలవాటుంటే గడపను వదిలేయండి, వారం వారం కడిగేచోట దానికి ఖర్చు దండగ.