ఆ చక్రం పళ్ళు రెండు వైపులా చూడు

అమ్మలూ,

పాత 16 ఎంఎం సినిమా ప్రొజెక్టర్ ఒకటి సంపాదించి, దానికి పార్టులు వెతుకుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎంత సంతోషం వేసిందో! కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు మోడల్ నంబరు రాసుకో. ఏ స్క్రూ విప్పినా ముందే ఫొటో తియ్యి. బల్బుకి వోల్టేజీ, వాట్లు, కింది పిన్నులు మూడూ కలవాలి. హాలోజన్ బల్బయితే గాజును వట్టి వేళ్ళతో ముట్టుకోకు. పాత బెల్టు సాగిపోయి ఉంటుంది, దాన్ని నమ్మకుండా పుల్లీల చుట్టూ దారం చుట్టి కొలువు. స్క్రూలా మెలికలున్న ప్లాస్టిక్ వర్మ్ గేరు ఉంటే టార్చి వేసి చూడు, ఏళ్ళు గడిచేకొద్దీ అవి చిట్లుతాయి. విడి పార్టుల కోసం తిరిగే కన్నా అదే మోడల్‌లో పాడైన మెషిన్ ఇంకొకటి కొనుక్కోవడం మేలు.

ఇక స్ప్రాకెట్ చక్రం సంగతి, అదే, ఫిల్ము అంచు చిల్లుల్లో పళ్ళు దూర్చి దాన్ని లాగే చక్రం. ఇది మాత్రం రెండుసార్లు చదువు.

నాకు అప్పుడు 22 ఏళ్ళు. నా మెషిన్‌లో స్ప్రాకెట్ పళ్ళు అరిగి కొక్కేల్లా అయ్యాయి. తుక్కులో పడున్న ఇంకా పాత మెషిన్‌లోంచి ఒక చక్రం పీకాను. అదే సైజు, షాఫ్టుకి అతికినట్టు సరిపోయింది. వెంటనే మీ తాతయ్య రీలు ఎక్కించాను. బడి వార్షికోత్సవంలో ఆయన మాట్లాడింది రెండు నిమిషాలు. ఆయన గొంతు ఉన్నది ఆ ఒక్క రీలులోనే.

మూకీ ఫిల్ముకి రెండు అంచులకూ చిల్లులుంటాయి, కాబట్టి ఆ కాలపు చక్రానికి పళ్ళు కూడా రెండు వైపులా ఉంటాయి. సౌండ్ ఫిల్ముకి చిల్లులు ఒక అంచుకే. రెండో అంచున సన్నటి చారలా ఉండేదే శబ్దం. నేను పెట్టింది మూకీ చక్రం. తెర మీద బొమ్మ చక్కగా ఆడుతోంది, స్పీకర్లో మాట కూడా వస్తోంది. లోపల ఏదో టకటకమంటే బెల్టు చప్పుడనుకున్నాను. ఆపలేదు.

రీలు వెనక్కి చుడుతుంటే అంచు వేలికి గరుగ్గా తగిలింది. దీపం ముందు పట్టి చూశాను. సెకనుకి 24 ఫ్రేములు, రెండు నిమిషాలకి 2,880. ప్రతి ఫ్రేము పక్కనా ఆ చార మీద రెండో వైపు పళ్ళు పొడిచిన పోటు ఒకటి. మళ్ళీ వేస్తే తాతయ్య గొంతు లేదు, బరబర మోత తప్ప.

మీ అమ్మ ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేది. నువ్వు ఆయన గొంతు వినకపోవడానికి కారణం నేనేనమ్మా.

అందుకే చెబుతున్నాను, సరిపోయిందని సంబరపడకు. పళ్ళు ఒక వైపే ఉన్నాయా, రెండు వైపులానా చూసి, ఫిల్ము పెట్టకముందే నాకు ఫొటో పంపు. అర్ధరాత్రయినా సరే. కొత్త చప్పుడు వినిపిస్తే ఆ క్షణమే స్విచ్ కట్టెయ్యి, తర్వాత చూద్దాం అనుకోకు. ముందు పనికిరాని సౌండ్ ఫిల్ము ముక్కని లూపులా అతికించి చాలాసేపు తిప్పు. తీశాక రెండు అంచులూ వేలితో మెల్లగా తడిమి చూడు.

నున్నగా ఉంటే ఫోన్ చెయ్యి, రీలు పట్టుకుని నేనే వస్తాను. బొమ్మ ఇప్పటికీ బాగుంది. తాతయ్య చెయ్యెత్తి మాట్లాడుతుంటారు. ఏం మాట్లాడారో నాకు ప్రతి మాటా గుర్తుంది, పక్కన కూర్చుని చెబుతాను.

ఆశీస్సులతో,
మీ మావయ్య