బీరువా జరిపించు

చిన్నీ,

నువ్వు ఫ్లాట్ కొంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నీ నోటితో నువ్వు చెప్పలేదు చూడు, ఆ కోపం నాకింకా తగ్గలేదు. చెబితే అత్తయ్య వంద ప్రశ్నలు వేస్తుందని భయపడ్డావట. వేస్తాను మరి, ఎవరికి వేస్తాను? కానీ ఫోన్ పెట్టేసిన పావుగంటలో పక్కింటివాళ్లకీ, ఎదురింటివాళ్లకీ చెప్పేశాను, మా మేనకోడలు సొంత సంపాదనతో సొంత పేరు మీద ఇల్లు కొంటోందని. మన ఇంట్లో ఆడపిల్ల పేరు మీద ఇల్లు ఇదే మొదలు. నేనుంటున్నది కూడా మీ మామయ్య పేరు మీదే ఉంది, ఆ సంగతి ఎప్పుడూ అనుకోను గానీ మొన్న అనుకున్నాను.

రెండే గదులు, కింద బజారు, ఎప్పుడూ జనం అట కదా. ఆ డబ్బుకి ఊరి చివర పెద్దది వస్తుందని మీ నాన్న గొణుగుతున్నాడట. గొణగనీ. ఒక్కదానివే ఉండే పిల్లవి, ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చినప్పుడు దీపాలూ మనుషులూ ఉన్న వీధిలోంచి నడిచి రావడమే నాకు ధైర్యం.

కాగితాల గురించి ఎక్కువ చెప్పను. అమ్మేవాళ్ల పేరు మీదే ఉందా, వాళ్లకి ఎలా వచ్చింది, దాని మీద తీరని అప్పేమైనా ఉందా అన్నవి నీ లాయరు చూడాలి. బ్యాంకు లాయరు చూశాడు కదా అని ఊరుకోకు, ఆయన చూసేది బ్యాంకు కోసం. విస్తీర్ణం ఎంతని అడిగితే మెట్లూ వరండాలూ కలిపిన లెక్క చెబుతారు. నువ్వు కాలు పెట్టే నేల ఎంతో టేపుతో కొలుచుకో. చిన్న గదుల్లో అంగుళాలతోనే గొడవ. మంచం వచ్చేచోట, బీరువా వచ్చేచోట పాత పేపర్లు పరిచి చూడు, తలుపు తెరుచుకుంటుందో లేదో అప్పుడు తెలుస్తుంది.

లోన్ సంగతి నీకే బాగా తెలుసు. అయినా ఒక్కటి చెప్పనీ. 9 శాతం వడ్డీకి 20 ఏళ్లు తీసుకుంటే, 100 అప్పుకి నువ్వు తిరిగి కట్టేది దాదాపు 216. మొదటి నెల వాయిదాలో 100కి 83 వడ్డీకే పోతుంది. ఏడాదికి ఒక్క వాయిదా అదనంగా కట్టగలిగితే అప్పు మూడేళ్లకు పైగా ముందే తీరిపోతుంది. మేం ఈ లెక్క వేసుకోవడానికే పదేళ్లు పట్టింది.

సందడిలో ఇల్లు కొంటున్నావు కాబట్టి ఆ సందడి ఎంతో ముందే విని రా. ఏజెంటు నిన్ను పొద్దున్న పదకొండింటికి తీసుకెళతాడు, ఆ టైములో ఏ వీధైనా బుద్ధిమంతుడిలా ఉంటుంది. శనివారం రాత్రి పదిన్నరకి వెళ్లు. తెల్లవారకముందే షాపుల షట్టర్లు లేచేటప్పుడు, చెత్త బండి వచ్చేటప్పుడు కింద వీధిలో నిలబడు. అమ్మేవాళ్లు ఒప్పుకుంటే పడకగదిలో కిటికీలు మూసి, ఫోన్ పక్కన పడేసి, ఓ పావుగంట ఊరికే కూర్చో. మందంగా కర్టెన్లు వేసుకోండి, చాలు అంటారు. కర్టెన్లతో వీధి మోత ఆగదు, కిటికీ చట్రం సందుల్లోంచి వస్తూనే ఉంటుంది. పడకగది గోడకి అవతల లిఫ్ట్ ఉందేమో కూడా చూసుకో.

ఇక నా సంగతి.

మొదటి ఫ్లాట్ కొనేముందు మేం మూడుసార్లు వెళ్లి చూశాం. అమ్మేది ఒక పెద్దావిడ. వెళ్లినప్పుడల్లా ఫ్యాన్ వేసి కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, మా పెళ్లెప్పుడైందో ఏమిటో అన్నీ అడిగేది. లోపలి గదిలో గోడకి ఆనించి ఒక ఇనప బీరువా. ఆ గదికి మాత్రమే కొత్త రంగు. ఆ రంగు వాసన నాకెంత నచ్చిందో! మా కోసమే ముస్తాబు చేసినట్టు మురిసిపోయాను. బీరువా వెనక గోడ ఎలా ఉందో చూద్దామా అని తట్టింది కూడా, తట్టలేదని అబద్ధం చెప్పను. కానీ అంత మర్యాద చేసిన మనిషిని పట్టుకుని, ఏమండీ మీ బీరువా కాస్త జరపండి అని ఎలా అంటాం? నోరు పెగల్లేదు. మొహమాటానికి పోతే ఏమవుతుందో ఒక సామెత ఉందిలే, నీకు ఉత్తరంలో రాసేది కాదు.

తాళాలు చేతికొచ్చిన రోజు బీరువా తీసేసిన చోట గొడుగంత మరక. అంచుల వెంట తెల్లగా ఉప్పు. వేలితో రాస్తే గోడ పొడిపొడిగా నా చెప్పుల మీద రాలింది. మీ మామయ్య ఒక్క మాటా అనలేదు, అన్నా బాగుండేది.

పైవాళ్ల బాత్రూమ్ ఆ గది మీద లేదు, పక్క గది మీద ఉంది. అందుకని మా మాట ఎవరూ నమ్మలేదు. స్లాబులో దిగిన నీళ్లు దిగినచోటే కారవనీ, దారి వెతుక్కుంటూ పోయి ఎక్కడో బయటపడతాయనీ చివరికి ఒక ముసలి మేస్త్రీ చెప్పాడు. అప్పటికే మేం మా వైపు గోడకి మూడుసార్లు పూత పూయించాం. నీళ్లు దిగే చోట పైన ఆపాలి గానీ కింద పూస్తే ఏం లాభం? నాలుగు నెలలు తిరిగేసరికి మరక మళ్లీ తేలేది. పైన అద్దెకున్నవాళ్లు ఓనరుని అడగమన్నారు, ఓనరు అసోసియేషన్‌ని అడగమన్నాడు, అసోసియేషన్‌వాళ్లు మీలో మీరు చూసుకోమన్నారు. ఇలా 14 నెలలు.

ఆలోగా నేను చేసిన పని విను. ఎవరైనా వస్తే మరక కనబడకూడదని మా బీరువా తెచ్చి సరిగ్గా అక్కడే పెట్టాను, ఆ పెద్దావిడని రోజూ తిట్టుకుంటూనే. అడుగు అరలో మా అమ్మ నాకిచ్చిన ఫొటోల కవరు ఉండేది. వానలు తగ్గాక తీసి చూస్తే అన్నీ ఒకదానికొకటి అంటుకుని ఒకే అట్టలా అయిపోయాయి. పైదాన్ని కాస్త లాగాను. మీ నాన్న మొహం వెనక ఫొటోకి అతుక్కుపోయి, నా చేతిలో నిక్కరూ కాళ్లూ మిగిలాయి. నాన్న చిన్నప్పటి ఫొటో ఒక్కటీ లేదేంటత్తా అని నువ్వు చాలాసార్లు అడిగావు. ఇల్లు మారినప్పుడు పోయాయని చెప్పాను. పోలేదు. మీ నాన్నకి ఇప్పటికీ తెలియదు, నువ్వూ చెప్పకు.

అందుకే చెబుతున్నా, బీరువా జరిపించు. మంచం తలవైపు, సింకు కింద అర, బాత్రూమ్ గోడకి అవతలి వైపు, అన్నీ టార్చి వేసి చూడు. వాన కురిసిన మర్నాడు వెళ్లు. గోడకి అరచెయ్యి ఆనించు, ఎక్కడైనా చల్లగా మెత్తగా తగులుతుందేమో. ఒక్క గోడకో ఒక్క గదికో కొత్త రంగు ఉంటే ఎందుకని అడుగు. మరక కనబడితే ఫొటో తీసుకుని, రెండు వారాలాగి మళ్లీ తీసి పోల్చుకో, పెరిగితే నీళ్లు ఇంకా దిగుతున్నట్టే. అయినా అనుమానంగా ఉంటే ఒక ఇంజనీరుకి డబ్బులిచ్చి చూపించు. అసోసియేషన్ మీటింగుల పుస్తకం ఉంటుంది, అదీ అడుగు. ఎవరి ఇంట్లో ఏం కారుతోందో, లిఫ్ట్ ఎన్నిసార్లు ఆగిందో, ఎవరు ఎంత బాకీ ఉన్నారో అన్నీ అందులో రాసే ఉంటాయి. ఏజెంటు మొహం చిట్లిస్తే చిట్లించనీ.

మేం అమ్మేటప్పుడు కొనడానికొచ్చిన పిల్లలు కూడా బీరువా వంక చూసి ఊరుకున్నారు. నేనే జరిపి చూపించాను. అప్పటికి మరక ఆరిపోయింది, అయినా ధర తగ్గించమన్నారు. మీ మామయ్య నాతో నాలుగు రోజులు ముభావంగా ఉన్నారు.

వచ్చే ఆదివారం నేనూ వస్తాను. వద్దనకు. టేపూ టార్చీ నా దగ్గరున్నాయి. నీకు మొహమాటమైతే నువ్వు బయట బాల్కనీలో నిలబడు, అడగాల్సినవి నేను అడుగుతాను.

ఆ ఫొటోల కట్ట ఇప్పటికీ నా దగ్గరే ఉంది. అలాంటివి శుభ్రమైన నీళ్లలో కాసేపు నానబెడితే కొన్నిసార్లు వాటంతట అవే విడిపోతాయట. మళ్లీ నీళ్లా అని ఇన్నాళ్లూ ధైర్యం చెయ్యలేదు. నీ ఇంటికి తాళాలు రానీ, పట్టుకొస్తాను. నీ చేతులు నా చేతుల్లా వణకవు.

మీ అత్తయ్య