ప్రశ్నలు ఉర్దూలోకి మార్చా, సగం క్లాసుకి యాంగ్జైటీ అని వచ్చింది!

ప్రశ్న: హైదరాబాద్ పాతబస్తీలో ఓ ఉర్దూ మీడియం స్కూల్లో కౌన్సెలర్‌ని సార్. ఉర్దూ మాట్లాడతా, చదవడం రాదు. పిల్లల్లో యాంగ్జైటీ కనిపెట్టడానికి స్కేర్డ్ అని 41 ప్రశ్నల కాగితం ఉంది కదా, ఫోన్లో ఉర్దూలోకి మార్చి ఐదో క్లాసుకి ఇచ్చా. సగం మందికి 25 మార్కులు దాటింది. ఇంతమందికి ప్రాబ్లమ్ ఉన్నట్టేనా?

జవాబు: ముందు ఆ మార్కులు ఏ తల్లికీ చెప్పకండి మేడమ్. 25 దాటితే జబ్బు అని కాదు, ఇంకొంచెం కదిపి చూడమని అంతే. ఆ 25 కూడా అమెరికాలో పిట్స్‌బర్గ్‌లో ఈ కాగితం తయారుచేసిన బిర్మహర్ వాళ్ళు క్లినిక్‌కి వచ్చిన పిల్లల్ని చూసి పెట్టుకున్న గీత. కాగితం 1997లో 38 ప్రశ్నలతో మొదలైంది, 1999కి 41 అయ్యాయి. మన పిల్లలకి ఆ గీత ఎక్కడ పడుతుందో విడిగా తేల్చుకోవాలి.

ఇక మీ కాగితం. ఉర్దూ కుడి నుంచి ఎడమకి చదువుతారు కదా, పిల్లలు టిక్కు పెట్టే 0, 1, 2 మార్కుల గడులు ఇంగ్లీష్ వరసలోనే వదిలేశారేమో చూడండి, అప్పుడు 'చాలావరకు నిజం' అన్న 2 గడి ప్రశ్న పక్కనే వచ్చి కూర్చుంటుంది, విసుగొచ్చిన పిల్లాడు దానికే టిక్కులు కొట్టుకుంటూ పోతాడు! ఇంకోటి, మనకి 'నేను భయపడతా' అంటే ఆడా మగా తేడా లేదు, ఉర్దూలో అబ్బాయి 'డర్తా హూఁ', అమ్మాయి 'డర్తీ హూఁ'. అన్నీ 'డర్తా' అని వచ్చుంటే ఆడపిల్లలు ఇది మనది కాదనుకుంటారు. 'ముఝే డర్ లగ్తా హై' అంటే గొడవే లేదు.

అన్నిటికన్నా పెద్ద తిరకాసు 'వర్రీ'. 'పరేషాన్' అని పెడితే మునిగినట్టే. హైదరాబాద్‌లో బస్సు లేటైనా పరేషానే, మన తెలుగోళ్ళం కూడా వాడేస్తాం కదా. 'ఫికర్' నయం. 'నర్వస్'కి 'ఘబ్రాహట్' బాగానే కుదురుతుంది. ఒంటరిగా పడుకోవాలంటే దిగులు అన్న ప్రశ్న ఆరుగురు ఒకే గదిలో పడుకునే ఇంట్లో ఏం అర్థమవుతుంది చెప్పండి, వాడెప్పుడూ ఒంటరిగా పడుకోనేలేదు. పార్టీలు, డాన్సులు అన్నచోట దావత్, షాదీ అని మార్చుకోవాలి.

ఇదంతా మీరొక్కరే చెయ్యకండి. ముందు పాకిస్తాన్‌లోగానీ ఇక్కడగానీ ఎవరైనా చేసిన ఉర్దూ వెర్షన్ దొరుకుతుందేమో వెతకండి. లేకపోతే తయారుచేసినవాళ్ళ పర్మిషన్ తీసుకుని ఇద్దరితో విడివిడిగా అనువాదం చేయించి, ఇంగ్లీష్ కాగితం చూడని మూడోమనిషితో దాన్ని మళ్ళీ ఇంగ్లీష్‌లోకి తిప్పించండి, ఎక్కడ జారిందో తెలిసిపోద్ది. తర్వాత పదిమంది పిల్లల్ని కూర్చోబెట్టి ఒక్కో ప్రశ్న చదివి 'నీకేం అర్థమైంది బేటా' అని అడగండి. నాకైతే అసలు పని ఇదే, మిగతాది కాగితం పని. వాళ్ళు ఇంట్లో మాట్లాడే దక్కనీ వేరు, పుస్తకం ఉర్దూ వేరు. రెండు వారాలాగి అదే కాగితం మళ్ళీ ఇచ్చి జవాబులు నిలబడ్డాయో లేదో చూడండి, కొందరినైనా డాక్టర్‌తో మాట్లాడించి పోల్చుకోండి.

ఈలోపు స్కూల్‌కొస్తే కడుపునొప్పి, తలనొప్పి అని టిక్కు పెట్టినవాళ్ళని మాత్రం వదలొద్దు, ఒక్కొక్కరినీ పక్కకి పిలిచి నోటితో అడగండి. అవసరమనిపిస్తే మానసిక సమస్యలకి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఉంది.